గడప మీద గడప

నా మనవరాలు దిబ్బలు తవ్వే ఉద్యోగంలో చేరిందని తెలిసినప్పుడు మా వీధిలో ఆడవాళ్ళంతా నన్ను చూసి జాలిపడ్డారు. "అంత చదువు చదివించి చివరికి మట్టిపని చేయిస్తున్నారా పిన్నిగారూ?" అని ఎదురింటావిడ అడగనే అడిగింది. నేనేదో సర్దిచెప్పి లోపలికి వచ్చేశాను. ఆ పిల్ల రోజూ ఏం తవ్వుతుందో, ఎందుకు తవ్వుతుందో నాకు మాత్రం ఏం తెలుసు? పాతకాలపు కుండలు వెతుకుతుంది కాబోలు అనుకునేదాన్ని. కుండలే కావాలంటే బజారులో దొరకవా అని కూడా అనుకునేదాన్ని.

తీరా వెళ్ళి చూసి వచ్చాక ఎదురింటావిడకు చెప్పడానికి నాకు బోలెడు సరుకు దొరికింది. ఇప్పుడు నేను మొదలుపెడితే చాలు, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ ఆవిడే లేచిపోతుంది.

నేను వెళ్ళడానికి కారణం చంటిపిల్ల. మనవరాలిని మేమంతా గువ్వ అంటాం. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది. ఆ గువ్వకు ఓ ఆడపిల్ల పుట్టి, ఆ పిల్లకు ఇంకా పాకడమైనా రాకముందే ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరి చేతి కింద పనిచేసింది. ఈసారి దిబ్బ మీద ఒక గుంట పూర్తిగా దానికే అప్పగించారట. అది ఎంత పెద్ద సంగతో నాకు దాని గొంతులో తెలిసింది. ఫోనులో నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ ఒకేసారి.

"పాలు తాగే పిల్లని వదిలి ఎలా వెళ్ళను అమ్మమ్మా? వెంట తీసుకెళ్ళి పనెలా చెయ్యను?"

"నీ పిల్లని నేను చూసుకుంటా, నువ్వు నీ గుంట చూసుకో. పెట్టె సర్దవే ముందు" అన్నాను.

అక్కడ మాకిచ్చిన ఇల్లు దిబ్బకు సరిగ్గా కిందనే ఉంది. ఇల్లంటే వరసగా గదులు, ముందు ఒక వసారా. ఒక గదిలో మేము, మిగతా గదుల నిండా పళ్ళేలు. పళ్ళేల నిండా కడిగి ఆరబెట్టిన కుండ పెంకులు. స్నానాల గదిలో కూడా బకెట్టు పక్కన పెంకులే. చీపురు పట్టాలంటే భయం వేసేది, ఏది చెత్తో ఏది కాదో తెలియక.

మొదటిరోజు సాయంత్రం గువ్వ పిల్లను ఎత్తుకుని, నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. చుట్టూ నేలంతా చదును. మధ్యలో ఇదొక్కటే వీపు పైకెత్తి పడుకున్న పశువులా ఉంది. పైన గడ్డి, తుప్పలు.

"కొండ ఇంత మెత్తగా ఉందేమే?" అన్నాను ఆయాసపడుతూ.

"కొండ కాదమ్మమ్మా. ఊరు."

"ఊరెక్కడే? గడ్డి కదా కనపడుతోంది!"

"మన కాళ్ళ కింద. ఒక ఊరు కూడా కాదు. ఊరి మీద ఊరు, దాని మీద ఇంకో ఊరు."

"ఇంత మట్టి ఎవరు తెచ్చి పోశారే?"

అది నా వైపు తిరిగి నవ్వింది. "ఎవరూ పొయ్యలేదు. వాళ్ళు ఇక్కడ బతికారు, అంతే."

నాకు అర్థం కాలేదని దానికి తెలిసిపోయింది. అక్కడే గడ్డిలో కూలబడి, పిల్లను ఒళ్ళో వేసుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఆ కాలపు ఇళ్ళన్నీ పచ్చి ఇటుకవట. మట్టి, గడ్డి కలిపి తొక్కి, ఎండబెట్టిన ఇటుక. ఏడాదికోసారి పూత పూయకపోతే వానకు కరిగిపోతుంది. ఎంత పూసినా ఓ తరమో, రెండు తరాలో. ఆ తర్వాత గోడ పొట్ట ఉబ్బుతుంది, కప్పు కూలుతుంది. కూలిన మట్టిని ఎవరు మోస్తారు, ఎక్కడికని మోస్తారు? మంచి దూలాలు మాత్రం లాక్కుని, మొండిగోడలను పడగొట్టి, చదును చేసి, కాళ్ళతో తొక్కి, ఆ పైనే కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు. కొడుకు ఇల్లు తండ్రి ఇంటి మీద. మనవడి ఇల్లు కొడుకు ఇంటి మీద.

"ఇల్లు లేచినట్టే వీధి కూడా లేస్తుంది అమ్మమ్మా. పొయ్యిలో బూడిద, ఊడ్చిన చెత్త, పగిలిన కుండ, తిని పారేసిన ఎముక, అన్నీ గుమ్మంలోంచి వీధిలోకే. ఏడాది తిరిగేసరికి వీధి బెత్తెడు ఎత్తవుతుంది. అప్పుడు వాననీళ్ళు ఎటు పోతాయి చెప్పు?"

"ఇంట్లోకి" అన్నాను ఠక్కున.

చెప్పొద్దూ, ఇది వినడానికి దిబ్బ దాకా రానక్కర్లేదు. మా అత్తవారిల్లే ఉంది. నేను కాపురానికి వచ్చిన రోజున మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళాను. ఆ తర్వాత రోడ్డు వేసినవాళ్ళల్లా పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కంకర పోసి, తారు పోసి, రోలరు తొక్కించి వెళ్ళిపోయారు. మా అమ్మాయి పెళ్ళినాటికి మెట్లన్నీ రోడ్డులో కలిసిపోయాయి. గువ్వ పుట్టేనాటికి మేము ఇంట్లోకి దిగి వెళుతున్నాం. మా మామగారికి ఆ రోడ్డు మీద ఎంత కోపమో! ప్రతి వానకూ గుమ్మంలో నిలబడి, "నా ఇంటిని బతికుండగానే పాతిపెడుతున్నార్రా!" అని కేకలు వేసేవాడు. చివరికి ఆయనే గడప ఎత్తించి, ఇంటి లోపల కూడా మట్టి నింపించి నేల పైకి లేపించాడు. నేల లేచింది గానీ కప్పు లేవదుగా? పొడుగాటి మా మరిది ఫాను కింద నడవాలంటే చేతులు జోడించుకుని వంగి నడిచేవాడు. చూసినవాళ్ళు ఎంత వినయమో అనుకునేవారు.

ఇది చెప్పేసరికి గువ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "అదే అమ్మమ్మా, అచ్చం అదే! మీ మామగారు చేసిన పనే ఇక్కడి వాళ్ళు వేల ఏళ్ళు చేశారు."

వేల ఏళ్ళు! నేను దిబ్బ అంచు నుంచి కిందకు చూశాను. మా ఇంటి పైకప్పు ఎక్కడో అడుగున కనపడుతోంది. అంత ఎత్తు, ఏ రాజూ కట్టించలేదు, ఎవరూ ఎత్తుగా చేద్దామని అనుకోనూ లేదు. ఇల్లు ఊడ్చుకుంటూ, వంట వండుకుంటూ, కూలిన గోడ మళ్ళీ లేపుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ లేపేశారు. కింద ఎవరో పడుకుని ఉంటే వాళ్ళ మీద నడుస్తున్నట్టు అనిపించి, దిగేటప్పుడు అడుగు మెల్లగా వేశాను.

మర్నాటి నుంచి రోజూ పిల్లను తీసుకుని గువ్వ గుంట పక్కన గుడ్డ పందిరి కింద కూర్చునేదాన్ని. పిల్లకు ఆకలైతే పైకి వచ్చి పాలిచ్చి మళ్ళీ దిగేది. గుంట నాలుగు పలకలుగా, చాకుతో కోసినట్టుండేది. పక్కగోడల్లో పొరలు, పసుపు, నలుపు, ఇటుకరంగు, బూడిదరంగు. ప్రతి పొరకూ ఒక మేకు, మేకుకు ఒక చీటీ. రంగు చూసి ఏది పొయ్యి, ఏది నేల, ఏది కూలిన కప్పు అని గువ్వ టకటకా చెప్పేది. ఒకచోట సన్నటి తెల్లగీతలు ఒకదాని మీద ఒకటి, పుస్తకం అంచులా ఉన్నాయి. ఏమిటే అంటే, ఒకే గది నేలను ఏటేటా అలికిన పూతలట. ఆ అలికిన ఆవిడ ఎవరో గానీ చేతికి దణ్ణం పెట్టాలనిపించింది. ఒక్కచోట కూడా మందం తేడా లేదు.

గువ్వ గుంటలో మూడు ఇళ్ళు బయటపడ్డాయి, ఒకదాని మీద ఒకటి. చిక్కంతా మధ్య ఇంటికీ పై ఇంటికీ నడుమ వచ్చింది. అక్కడ మోకాలెత్తున బూడిదరంగు మట్టి మేట ఉంది. తవ్వకానికంతా పెద్ద అయిన ఆయనను మేము పెద్దసారు అనేవాళ్ళం. బక్కపలచటి మనిషి. గొంతు పెంచడు. కోపం వస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు, అంతే. అయినా ఆయన జోడు తుడిచిన రోజు దిబ్బ మీద ఈగ కూడా వాలదు. ఆ పెద్దసారు అభిప్రాయం ఏమిటంటే, ఆ మేట అంతా గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము. అంటే అక్కడివాళ్ళు ఊరు వదిలిపోయారు. తరాల తరబడి పాడుబడింది. ఆ తర్వాతెప్పుడో సంబంధం లేనివాళ్ళు ఎవరో వచ్చి పై ఇల్లు కట్టుకున్నారు.

గువ్వ కాదంటుంది. "మేటలో పెంకులున్నాయి, బొగ్గుంది సార్. గాలి పెంకులు మొయ్యదు కదా."

"పై నుంచి వానకు జారి ఉండొచ్చు."

"పై ఇల్లు కింది ఇంటి వరుసలోనే ఉంది సార్. తెలియనివాళ్ళు కడితే అలా కుదురుతుందా?"

"కుదిరిందని నాకూ అనిపిస్తోందమ్మా. అనిపిస్తే చాలదు. కింది ఇంటి గోడ ఆ మేటలోంచి తెగకుండా పైకి వచ్చిందని చూపించు, నేను రాసిందంతా కొట్టేస్తాను."

గోడ చూపించు. అదొక్కటే మాట. వానలు దగ్గర పడ్డాయి, ఆలోపు గుంట మూసెయ్యాలి. గువ్వ అన్నం తింటున్నా గోడే, పిల్లకు నీళ్ళు పోస్తున్నా గోడే. ఆ ఇల్లు ఒకే కుటుంబానిదని కాకపోయినా, ఒకే చేతి నుంచి ఇంకో చేతికి అందుతూ వచ్చిందని అది గట్టిగా నమ్మింది. దాని మొదటి గుంట చెప్పిన మొదటి కథ అది.

ఇక్కడ పచ్చి ఇటుక గురించి ఒకమాట చెప్పాలి. ఇటుకా మట్టే, ఇటుక మధ్య పెట్టేదీ మట్టే, కూలితే చుట్టూ పడేదీ మట్టే. పొడిగా ఉంటే ఏది ఏదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అందుకని వీళ్ళు తాపీతో నేలను పలచగా గీకి, నీళ్ళు చిలకరించి, ఆరేదాకా కాచుకుని కూర్చుంటారు. ఇటుక ఒక వేళకు ఆరుతుంది, మధ్య మట్టి ఇంకో వేళకు ఆరుతుంది. ఆ కాస్త సమయంలో గళ్ళగళ్ళుగా ఇటుకలు కళ్ళ ముందు లేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను నోరెళ్ళబెట్టాను. కాసేపటికి పూర్తిగా ఆరిపోయి, మళ్ళీ ఉత్త నేల.

ఆ రోజు పిల్లకు పళ్ళొస్తున్నాయేమో, ముందురోజు రాత్రంతా గోల. గువ్వ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైగా వడగాలి. నీళ్ళ డ్రమ్ము తెచ్చే బండి ఎక్కడో ఆగిపోయింది. దూరంగా మబ్బు కనపడుతుంటే, ఇక కాచుకోవడం దేనికనుకుందో ఏమో, మూలనున్న పసుపుపచ్చ దిమ్మను చూసి, "కూలిన మట్టే, తీసెయ్యండి" అంది పనివాళ్ళతో. తీసేశారు. తట్టలకెత్తి బయట పోగు మీద పోశారు. నేను చూస్తూనే ఉన్నాను.

పొద్దు వాలి, నేను పిల్లతో ఇంటికి వచ్చేశాక బండి వచ్చింది. కోసిన అంచు మీద నీళ్ళు చిలకరించింది గువ్వ. ఆరుతూ ఉండగా అక్కడ ఇటుకలు లేచాయి. వరుస మీద వరుస, మేటకు అడ్డంగా. గుంట గోడలోకి వెళ్ళిపోతున్న కాస్త ముక్క మాత్రమే మిగిలింది. ముందున్నదంతా పోగులో కలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఏ గోడ కోసం చూసిందో ఆ గోడనే తవ్వించి పారబోయించింది.

ఇంటికి వచ్చి బూట్లతోనే మంచం అంచున కూర్చుంది. నాకు సంగతి తెలియక, "ఏమే, ఏ దొంగ ఎత్తుకుపోయాడే నీ గుంటని?" అన్నాను వేళాకోళంగా.

"నేనే దొంగని అమ్మమ్మా" అని పిల్లను కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడే కొలతల కాగితాలతో వచ్చాడు బొమ్మలాయన. గుంటల పటాలు గీసే మనిషి, గువ్వకు అన్నలాంటివాడు. సంగతంతా విని తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదన్నయ్యా."

"చెప్పకు. గుంటకీ పక్క గుంటకీ మధ్య గట్టు వదిలేశాం కదా, గోడ అందులో ఇంకా ఉండే ఉంటుంది. గట్టు తీయిద్దాం. ఏదో కారణం చెబుదాం. గోడ గట్టులో దొరికిందంటాం, నువ్వు గెలుస్తావు. బయట పోగులో ఉన్న మట్టి ఏమైనా మాట్లాడుతుందా?"

గట్టంటే గుంటల మధ్య మనిషి నడిచేంత మేర తవ్వకుండా నిలబెట్టిన మట్టిగోడ. అంతా తవ్వేశాక కూడా ఏ పొర మీద ఏ పొర ఉండేదో చెప్పడానికి అదొక్కటే మిగులుతుంది. పెద్దసారు ఒప్పుకోకుండా దాని మీద గీత కూడా గీయడానికి లేదు.

"మరి గుంట పటంలో, ఆ మూలన ఏం గీస్తావు?" అంది గువ్వ.

"ఏమీ గీయను. ఖాళీ."

"ఖాళీ అంటే అక్కడ గోడ లేదని కదా అర్థం?"

ఆయన చేతిలో కాగితాలు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఉంది అన్నయ్యా. ఎవరో ఎండలో నిలబడి ఒక్కొక్క ఇటుకా పేర్చారు. లేదని ఎలా రాయమంటావు?"

"పోనీ ఆయన చెప్పినట్టే విను తల్లీ. ఇంత కష్టపడ్డావు, గుంట చేజారిపోతే?" అన్నాను. నా బిడ్డ బిడ్డ అది. నాకు వేల ఏళ్ళనాటి గోడ ఎక్కువా, ఇది ఎక్కువా?

"చేజారితే జారనీ అమ్మమ్మా" అంది. అని, లేచి మొహం కడుక్కుంది.

పొద్దున్నే పెద్దసారు వచ్చేసరికి గువ్వ గుంట అంచున నిలబడి ఉంది. మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. నీళ్ళ బండి రాలేదనిగానీ, పిల్ల ఏడ్చిందనిగానీ ఒక్క సాకు చెప్పలేదు. ఆయన కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు.

"ఇవాల్టి నుంచి ఈ గుంట నేను చూస్తాను. నువ్వు జల్లెడ దగ్గరికి వెళ్ళు. నిన్న పారబోసిన మట్టి మొత్తం జల్లించు."

"అలాగే సార్. గట్టు..."

"తీస్తాను. నా చేత్తో తీస్తాను."

జల్లెడంటే కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే పని. అందరూ చూస్తుండగా గువ్వ వెళ్ళి జల్లెడ పట్టుకుంది. దుమ్ములో అది ఊగుతూ ఉంటే నేను పందిరి కింద కూర్చుని పెద్దసారును మనసులో తిట్టాను. నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయి మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మధ్యాహ్నం ఆయన నీళ్ళకోసం పందిరి కిందకు వచ్చాడు.

"తిడుతున్నారా మామ్మగారూ?"

"పైకి అన్నానా బాబూ?"

"అనకపోయినా వినపడుతోంది." గ్లాసు కింద పెట్టి గువ్వ వైపు చూశాడు. "గట్టులో గోడ దొరికితే అదీ, నిన్న పారబోసిందీ ఒకే గోడో కాదో తెలియాలంటే పోగులో ఉన్న ముక్కలు కావాలి. ఏది గోడ ముక్కో, ఏది ఉత్త మట్టిగడ్డో జల్లెడలో గుర్తుపట్టగలిగేది ఇక్కడ ఆ అమ్మాయి ఒక్కతే. అందుకని పంపాను." నేను తిట్లు సగంలో ఆపేశాను.

అన్నట్టే గువ్వ ఆ పోగులోంచి గోడపూత పెచ్చులు ఏరింది. గోరంత పెచ్చును అడ్డంగా పట్టుకుని చూపించింది నాకు. పూత మీద పూత, ఉల్లిపొరల్లా. ఎన్ని ఏళ్ళు ఎవరెవరు పూశారో.

ఇటు పెద్దసారు గట్టు మీద పడ్డాడు. పడ్డాడంటే నిజంగానే మోకాళ్ళ మీద. గీకడం, చిలకరించడం, కాచుకోవడం. బక్క మనిషికి అంత ఓపిక ఎక్కడిదో! తెల్లవారుజామునే వెలుతురు ఏటవాలుగా పడే వేళకు వచ్చి కూర్చునేవాడు. రెండోరోజో మూడోరోజో, పొద్దున్నే, గుంటలోంచి ఆయన గొంతు వినపడింది.

"అమ్మా, జల్లెడ అక్కడ పెట్టి ఇలా రా. నేను చెప్పను. నువ్వే చదువు."

గువ్వ దిగింది. నేనూ పిల్లను చంకనేసుకుని అంచుదాకా వెళ్ళాను. బొమ్మలాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు పడిపోకుండా. గట్టు తడి మీద మెరుస్తోంది. అందులో గోడ ఉంది, మధ్యలో గుమ్మం ఉంది. గుమ్మానికి అడుగున ఒక బల్లపరుపు రాయి. దాని పైన కొంత మట్టి, మళ్ళీ ఒక రాయి. ఇంకా పైన, ఆ బూడిదరంగు మేట దాటాక, ఇంకో రాయి. మూడు గడపలు, కొలిచి పెట్టినట్టు ఒకదాని నెత్తిన ఒకటి.

గువ్వ వేలు తాకించకుండా గాలిలోనే చూపిస్తూ చదివింది. "అడుగు గడప మొదటి ఇంటిది సార్. వీధి లేచాక రెండోది వేసుకున్నారు. ఇదిగో, రెండో ఇంటి నేల. దీని మీద..." ఆగింది. వంగి చాలాసేపు చూసింది. "దీని మీద నిజంగానే దుమ్ము ఉంది. బొటనవేలంత మందం. పలచటి పలచటి రేకులుగా ఉంది, వానలో నిలిచిన నీళ్ళు ఆరినట్టు. అంటే కప్పు లేదు. ఇందులో చిన్న చిన్న ఎముకలు కూడా ఉన్నాయి. ఎలుకలవి. గుడ్లగూబ తిని ఉమ్మేసినవి. ఇక్కడ గుడ్లగూబ కాపురం ఉంది సార్. మనుషులు లేరు."

"అయితే వదిలి వెళ్ళిపోయారన్నమాట" అన్నాడు పెద్దసారు.

"వెళ్ళిపోయారు సార్. అది మీరన్నదే నిజం." దాని గొంతు కాస్త తగ్గింది. మళ్ళీ వేలు పైకి కదిలింది. "కానీ దుమ్ము ఇంతే. దీని పైనున్న మేటంతా వేరు. బూడిద, పెంకులు, బొగ్గు, అన్నీ ఒకే వాలున పడ్డాయి. తట్టలతో పోసినట్టు. ఇది గాలి పని కాదు. ఎవరో కావాలని నింపారు, నేల లేపడానికి. గోడ... సార్, గోడ తెగలేదు. పాత మొండిగోడ మేటలోంచి పైకి వచ్చింది. దాని తల మీదే కొత్త ఇటుకలు మొదలయ్యాయి. గడప కూడా పాత గడపకు సూటిగానే పెట్టారు."

నాకు చదువు రాకపోయినా అది చదివింది అర్థమైంది. ఏ కరువో, ఏ రోగమో, ఊరంతా మూటలు కట్టుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో గుడ్లగూబ చేరింది. ఏళ్ళు గడిచాయి. ఒకరోజు ఎవరో తిరిగొచ్చారు. మోకాలెత్తు మొండిగోడల మధ్య నిలబడి, ఇదిగో మన గుమ్మం ఇక్కడ అనుకున్నారు. తట్టలు తెచ్చి చెత్త నింపి, తొక్కి, రాయి మోసుకొచ్చి, సరిగ్గా అదే చోట పెట్టారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు. పక్కకు చూస్తే బొమ్మలాయన కూడా చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటున్నాడు, దుమ్ము అన్నాడు.

"వెళ్ళిపోయారన్నది నా మాట" అన్నాడు పెద్దసారు. "తిరిగి వాళ్ళే వచ్చారన్నది నీ మాట. అలా రాద్దామా?"

ఎదురుచూసిన మాట ఆయన నోటి నుంచే వచ్చింది. ఊఁ అంటే చాలు. గువ్వ ఊఁ అనలేదు.

"వాళ్ళే అని చెప్పలేం సార్. వాళ్ళ పిల్లలు కావచ్చు, ఎరిగినవాళ్ళు కావచ్చు. మొండిగోడలు కనపడ్డాయి కాబట్టి కొత్తవాళ్ళయినా పెట్టి ఉండొచ్చు. గుమ్మం ఎక్కడుందో తెలుసుకుని, అక్కడే ఉండనిచ్చినవాళ్ళు. అంతవరకే రాద్దాం."

పెద్దసారు దానివైపు చూశాడు. కళ్ళజోడు తీయలేదు. "గట్టు పటం నువ్వే గీయించు. కింద నీ పేరే వేయించు. మూలన గోడ?"

"చుక్కల గీత వేయిస్తాను సార్. పొరపాటున తొలగించబడింది అని..."

"ఎవరు తొలగించారు?"

"గుంట బాధ్యురాలు, నేను, తొలగించాను అని రాయిస్తాను."

"రాయించు. రేపటి నుంచి గుంటలోకి దిగు. జల్లెడకు ఇంకెవరినైనా చూస్తాను" అని మోకాళ్ళు దులుపుకుంటూ పైకి ఎక్కాడు. నా దగ్గరకు వచ్చేసరికి ఆగి, "మామ్మగారూ, వినయంగా వంగి నడిచేది మీ మరిదేనా? మీ మనవరాలు చెప్పింది. ఈ అమ్మాయి ఆ పోలిక కాదు" అన్నాడు. ఆయన నవ్వగా నేను చూసింది అప్పుడొక్కసారే.

తొలకరికి ముందురోజు గుంటలన్నీ పూడ్చారు. తవ్విందంతా మళ్ళీ పూడ్చడమేమిటని అడిగాను. పూడ్చకపోతే ఒక్క వానకు అన్నీ కరిగిపోతాయట. మట్టే మట్టిని కాపాడుతుందన్నమాట. అడుగున ఒక ప్లాస్టిక్ గుడ్డ పరుస్తారు. తర్వాతెప్పుడైనా ఎవరైనా తవ్వితే ఇక్కడిదాకా ముందే తవ్వారని తెలియాలిగా.

గుడ్డ పరిచాక గువ్వ పనివాళ్ళను ఆగమని, తాను కిందకు దిగింది. బట్టీలో కాల్చిన కొత్త ఎర్ర ఇటుకలు తెప్పించి ఉంచింది. పటంలో చుక్కల గీత ఎక్కడుందో కొలుచుకుని, ఆ మూలన, పోయిన గోడ పొడవునా, ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. ఒక్కొక్క ఇటుక మీద మేకుతో ఆ ఏడు గీసి ఉంది, గువ్వ పేరు గీసి ఉంది.

"ఎందుకే ఇదంతా? పటంలో రాయించావుగా?" అని పైనుంచి అరిచాను.

"పటం పోవచ్చు అమ్మమ్మా. ఇంకెవరైనా ఇక్కడిదాకా వస్తే, ఇక్కడ గోడ ఉండేదని తెలియాలి కదా. ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలియాలి."

ఎర్ర ఇటుకలు ఆ గుడ్డ మీద కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి. గువ్వ పైకి వచ్చి, మట్టిచేతులతోనే పిల్లను అందుకుంది. పనివాళ్ళు మొదటి తట్టలు ఎత్తారు.

"మెల్లగా, మెల్లగా" అంది గువ్వ. "ముందు అంచుల్లో పొయ్యండి. ఇటుకలు కదలకూడదు."